నాలుగు తొమ్మిదుల జాతకం

మా బావమరిది కారు కొన్నాడు. కారు సంగతి సరే, దాని నంబర్ కోసం ఆర్టీఏ వేలంలో అతను పాడిన పాటకు నాకైతే ఇంకో కారు వచ్చేది, సెకండ్ హ్యాండ్‌ది. నంబర్ 9999.

పెళ్లి సంబంధానికి జాతకం చూస్తాం. ప్లాటు కొంటే లింకు డాక్యుమెంట్లు తిరగేస్తాం. లక్షలు పోసే నంబర్‌కు మాత్రం పూర్వాపరాలు అక్కర్లేదా? కుటుంబ క్షేమం కోరి ఆ పని నేనే చేశాను.

ముందు ఆస్తిపాస్తులు. 9999ని నిశ్శేషంగా భాగించే సంఖ్యలు, దాన్ని మినహాయిస్తే, 1, 3, 9, 11, 33, 99, 101, 303, 909, 1111, 3333. కరెంటు బిల్లు వెనక పెన్సిల్‌తో కూడితే 5913 వచ్చింది. అంటే 4086 లోటు. గణితంలో దీన్ని న్యూన సంఖ్య అంటారు. దాదాపు 1900 ఏళ్ల కిందటి గ్రీకు పండితుడు నికోమాకస్ ఇలాంటివాటిని అవయవలోపం ఉన్న జీవాలతో పోల్చాడు. షోరూమ్‌లో నిమ్మకాయలు తొక్కించేటప్పుడు ఈ ముక్క ఎవరూ చెప్పరు.

తర్వాత సంతోషం. నాసిక్ దగ్గర దేవ్‌లాలీలో కాప్రేకర్ అనే బడిపంతులు ఉండేవారు. తన అంకెల మొత్తంతో భాగించబడే సంఖ్యకు ‘హర్షద’ అని పేరు పెట్టారు, హర్షాన్ని ఇచ్చేది అని. 9999 అంకెల మొత్తం 36. భాగిస్తే 27 మిగిలింది. హర్షం లేదు.

న్యాయంగా ఒక మంచి మాట కూడా చెప్పాలి. 9999 వర్గం 99980001. దాన్ని మధ్యకు విరిచి కూడితే, 9998కి 1 కలిసి మళ్లీ 9999. ఇలాంటివి కాప్రేకర్ పేరుతోనే చలామణీలో ఉన్నాయి. పెద్దమనిషి సర్టిఫికెట్ ఒకటి దొరికినట్టే.

కానీ అసలు గుట్టు బయటపెట్టిందీ ఆయనే. నాలుగు అంకెలూ ఒకటే కాని ఏ సంఖ్యైనా తీసుకోండి. అంకెల్ని పెద్ద నుంచి చిన్నకు, చిన్న నుంచి పెద్దకు పేర్చి తీసివేయండి. వచ్చినదాన్నీ అలాగే చేయండి. నా డొక్కు స్కూటర్ 3524. 5432లోంచి 2345 పోతే 3087. 8730లోంచి 0378 పోతే 8352. 8532లోంచి 2358 పోతే 6174. ఇక అక్కడే తిరుగుతుంది. ఏడు తీసివేతల్లోపు అందరూ చేరే ఊరు అదే. 9999 ఒక్క తీసివేతకే సున్నా. బావమరిది బ్యాంకు ఖాతా కూడా ఆ పద్ధతే పాటించింది.

పైగా 6174 హర్షద సంఖ్య. 18తో భాగిస్తే 343. భాజకాల మొత్తం 9426, మిగులు బడ్జెట్. న్యూమరాలజీ వాళ్ల కోసం కూడినా 9 వస్తుంది. అయినా దాని కోసం ఎవరూ పాట పాడగా వినలేదు.

ఈ నివేదికంతా కాగితం మీద పెట్టి బావమరిదికి చూపించాను. ఓపిగ్గా చదివాడు.

“బావా, నీ 6174 వేసుకుని గేటెడ్ కమ్యూనిటీకి వెళ్తే సెక్యూరిటీ అతను ఆపి రిజిస్టర్‌లో పేరు రాయమంటాడు. నా నంబర్ చూస్తే గేటు తీసి సెల్యూట్ కొడతాడు.”

సెల్యూట్‌ను దేనితో భాగించాలో కాప్రేకర్ చెప్పలేదు.