వేరు కుంపటి ఆరిపోలేదు

స్పెయిన్ గాయని అమాయా మోంతెరో మళ్లీ తన పాత పాప్ బ్యాండ్ 'లా ఒరేహా దె వాన్ గోగ్'లో పాడబోతున్నారని 2025 అక్టోబర్‌లో ప్రకటన వచ్చింది. ఆ వెంటే ఓ తీర్పూ వచ్చింది: వేరు కుంపటి పెట్టుకుంది, పొయ్యి రాజుకోలేదు, పుట్టింటికి చేరింది అని. నేనైతే ఒప్పుకోను.

2007 నవంబర్‌లో ఆమె బయటికొచ్చేనాటికి అదేమీ మునిగిపోతున్న పడవ కాదు. 1996లో సాన్ సెబాస్టియన్‌లో మొదలై, నాలుగు ఆల్బమ్‌లతో స్పానిష్ మాట్లాడే దేశాల్ని చుట్టేసిన బృందం. అంత నీడ వదులుకుని, ఏడాది తిరిగేసరికి తన పేరే పెట్టిన ఆల్బమ్ తెచ్చారు. 2018 నాటికి సోలో ఆల్బమ్‌లూ నాలుగయ్యాయి. లోపల ఎన్నో బయటా అన్నే!

ఆ సోలో ఆల్బమ్‌లలో, బ్యాండ్‌లో ఉండగా 2003లో ఆమె పాడిన 'రోసాస్' అంతటి పాట లేదంటారు. నిజమే, లేదు. బ్యాండ్‌లోని షాబి సాన్ మార్టిన్ లాంటి పాటల రచయిత పక్కన లేని లోటు తెలుస్తూనే ఉంటుంది.

కానీ మంచి పాట ఉంటే మాత్రం జనం ఊరుకున్నారా? అమాయా స్థానంలో వచ్చిన లెయిరే మార్టినెస్‌నే చూడండి. 2004 మాడ్రిడ్ రైలు పేలుళ్ల మృతుల కోసం కట్టిన 'హువెబెస్' ఆమె గొంతులోనే వచ్చింది. నా లెక్కలో అది ఏ పాత పాటకూ తీసిపోదు. అయినా 16 ఏళ్లూ చాలామందికి ఆమె కొత్తమ్మాయే. వెళ్లినామెను క్షమించలేదు, వచ్చినామెను ఒప్పుకోలేదు. ఇక్కడ లోపం గొంతుల్లో ఉందా, చెవుల్లో ఉందా?

2024 జులైలో కొలంబియా గాయని కరోల్ జీ మాడ్రిడ్ బెర్నబేవు స్టేడియానికి అమాయాను పిలిచి 'రోసాస్' పాడించారు. స్టేడియం ఊగిపోయింది. ఆ కేకలు ఎదురుగా నిలబడ్డ మనిషికంటే 2003కే ఎక్కువ చెందుతాయని నా అనుమానం. అప్పటి తమ ఇరవయ్యేళ్ల వయసును జనం టికెట్ కొని తెచ్చుకుంటున్నారు. ఈ పాతజ్ఞాపకాల బేరం సంగీతాన్ని నమిలేస్తోందని నేను ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నాను. పాత లైనప్‌కు తెగినన్ని టికెట్లు కొత్త పాటకు తెగవని తెలిశాక, ఏ నిర్వాహకుడు కొత్తదాని మీద డబ్బు పెడతాడు?

అమాయా తనే రాసుకున్న మొదటి సోలో సింగిల్ 'కియెరో సెర్'. నేనుగా ఉండాలనుంది అన్న కోరిక ఆ పేరులోనే ఉంది. 2024లో బ్యాండ్‌కు దూరమైన లెయిరే 2025లో తన తొలి సోలో పాటకు పెట్టిన పేరు 'మి నోంబ్రే'. అంటే, నా పేరు.