37 అంశాలు, ఒక టిఫిన్ పొట్లం

మా మున్సిపాలిటీ మీద గిట్టనివాళ్లు నానా మాటలూ అంటున్నారు. కళ్లారా చూసినవాడిగా నాలుగు ముక్కలు రాయకపోతే తప్పవుతుంది. పోయిన నెల కౌన్సిల్ సమావేశానికి వెళ్లాను. జనం తరఫున వెళ్లినవాణ్ని నేనొక్కణ్నే. 11 గంటలకి అన్న సమావేశం 12.20కి మొదలై 12.31కి ముగిసింది. అజెండాలో 37 అంశాలు. జీవితమంతా లెక్కలు చెప్పినవాణ్ని కదా, ఊరుకోలేక అక్కడే వేళ్ల మీద భాగించాను. అంశానికి 18 సెకన్లు కూడా పడలేదు. మా ఆవిడకి పొద్దున్నే గ్యాస్ పొయ్యి వెలిగించడానికి ఇంతకన్నా ఎక్కువసేపు పడుతుంది (లైటర్ పాతది).

ఊరి పేరు చెప్పను. అరగంట బస్సెక్కితే ఆంధ్రా వచ్చే ఒడిశా ఊరు అనుకోండి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు గంజాం, కోరాపుట్ ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఇటు వచ్చాయి. వాటితో పాటు మా తాతలూ, వాళ్ల తెలుగూ కదలకుండానే రాష్ట్రం మారిపోయారు. మా వీధుల్లో ఇప్పటికీ మాటలు తెలుగులో, కాగితాలు ఒడియాలో, బిల్లులు ఇంగ్లీషులో నడుస్తాయి. ఎవరికి ఏది తెలియకూడదో అది వాళ్లకి రాని భాషలో ఉంటుంది. ఇంత పొందికైన ఏర్పాటు మీకు వేరే రాష్ట్రాల్లో దొరకదు.

మా వార్డు కౌన్సిలర్ తెలుగువాడే, నా దగ్గర చదువుకున్నవాడే. సభలో అతని గొంతు ఖంగున మోగింది. చైర్‌పర్సన్ ఏ అంశం చదివినా "ఆజ్ఞా!" అన్నాడు. ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే ఎదురింటి మామ్మ పొంగిపోయింది. "మన కుర్రాడు అంతమందికి ఆజ్ఞలిచ్చేస్తన్నాడేటి మాస్టారూ!" అంది. ఆవిడ సంతోషం పాడుచెయ్యడం ఎందుకని ఊరుకున్నాను. తెలుగులో ఆజ్ఞ అంటే పైవాడు ఇచ్చేది. ఒడియాలో ఆజ్ఞా అంటే కిందివాడు అనేది, మన "చిత్తం"లాగ. ఒకే మాటతో పైన కుర్చీనీ కింద వీధినీ మెప్పించడం అందరి వల్లా అవుతుందా? క్లాసులో వీడికి పర్యాయపదాలు వచ్చేవి కావు.

ఒడియా రానివారి కోసం ఇంకో రెండు మాటలు చెప్పాలి. "హెలా" అంటే అయింది. "హేబ" అంటే అవుతుంది. సభలో ప్రతి అంశం చివరా వినిపించింది హెలా. ఆఫీసులో ఏ కిటికీ దగ్గర ఏ పని అడిగినా వినిపించేది హేబ. గోడకి అటువైపు అంతా భూతకాలం, ఇటువైపు అంతా భవిష్యత్తు. వర్తమానం మాత్రం మా వీధి మొదట్లో, కల్వర్టు లేని మురిక్కాలవ మీద రెండు కరెంటు స్తంభం ముక్కలుగా పడి ఉంది. మేము వాటిమీద నుంచే దాటుతాం. మామ్మ వాటిమీద కూర్చుని దాటుతుంది.

ఆ కల్వర్టే 23వ అంశం. దానికోసమే వెళ్లాను. 22 చదువుతుండగా కళ్లద్దాలు మసగ్గా ఉన్నాయని తీసి, పంచె కొంగుతో తుడిచి పెట్టుకున్నాను. అప్పటికి 26 నడుస్తోంది. మీటింగ్ అయ్యాక మెట్ల దగ్గర శిష్యుణ్ని పట్టుకున్నాను.

"కల్వర్టు ఏమైందిరా?"

"హెలా మాస్టారూ, అయిపోనాది."

"కట్టడం అయిపోయిందా, కడదామని అనుకోవడం అయిపోయిందా, కట్టక్కర్లేదని తేల్చడం అయిపోయిందా?"

వాడు నన్ను జాలిగా చూశాడు. పరీక్షలో తప్పు జవాబు రాసిన పిల్లాణ్ని నేను చూసే చూపది. "అంశం అయిపోనాది మాస్టారూ" అన్నాడు.

ఇంత వేగం ఎలా వచ్చిందని మీకు సందేహం రావచ్చు. బడబాబు, అంటే హెడ్ క్లర్కు, బల్ల మీద తెరిచి పెట్టిన తీర్మానాల పుస్తకంలోకి నేను తొంగి చూశాను. సభ ఇంకా మొదలవలేదు. 37 తీర్మానాలూ రాసి ఉన్నాయి, ఒక్కోదాని కింద "సర్వసమ్మతి" అని ఉంది. వేలు పెట్టి చూస్తే ఇంకు అంటలేదు, ఎప్పుడో ఆరిపోయింది. మనవాళ్లు పెళ్లిచూపులు అయ్యాక పెళ్లి చేస్తారు, మధ్యలో ఎన్ని సంబంధాలు తప్పిపోతాయో! మా కౌన్సిల్‌లో ముందు పెళ్లి కానిచ్చేస్తారు. పెళ్లిచూపులకి అందరూ నిశ్చింతగా వస్తారు. కొత్తగా గెలిచిన కుర్ర సభ్యుడొకాయన మాత్రం ఏదో అడుగుదామని లేచాడు. "మాననీయ..." అనేసరికి రెండు అంశాలు దాటిపోయాయి. కూర్చున్నాడు. పక్కాయన భుజం తట్టి తన పొట్లంలో సింగడా (మీ సమోసా) ఇచ్చాడు.

పొట్లం అన్నాను కదా, దాని గురించి ఓపిగ్గా చెప్పాలి. మా ఊళ్లో పారదర్శకత అనే మాటకి ఎదురుగా చూపించగల వస్తువు అదొక్కటే. మూతికి రబ్బరు బ్యాండు వేసిన పల్చటి ప్లాస్టిక్ సంచి. ఏ వైపు నుంచి చూసినా లోపలిదంతా కనిపిస్తుంది: రెండు గారెలు, ఒక సింగడా, చిన్న కప్పులో ఘుగుని (బఠాణీల కూర), దారంతో బిగించిన కవరులో కొబ్బరి చట్నీ, ఇంకో కప్పులో ఒక రసగోలా. దాచింది ఏమీ లేదు. సమావేశం 11 నిమిషాలు, పొట్లాల కార్యక్రమం 22 నిమిషాలు. ఆ రెండో సభలో నేను చూసిన ప్రజాస్వామ్యం వేరు. గారెలు చల్లారిపోయాయని ఇద్దరు లేచి నిలబడ్డారు. చట్నీ పులిసిందని వెనక వరుస. రసగోలా పోయిన నెలకన్నా చిన్నదని ప్రతిపక్షం సాక్ష్యం చేత్తో పట్టుకుని మరీ నిలదీసింది. కాంట్రాక్టు ఎవరిదని అడిగారు, రేటెంతని అడిగారు, వచ్చే నెల దుకాణం మార్చాలన్నారు. బడబాబు అన్నీ రాసుకున్నాడు. ఎవరూ ఆజ్ఞా అనలేదు. ఒక కల్వర్టుని గారెల మధ్య పెట్టి పంచి ఉంటే ఆ రోజే తేలిపోయేది.

జనానికి సమాచారం అందదనే ఆరోపణ కూడా ఉంది. ఇది శుద్ధ అబద్ధం. ఆఫీసు వరండాలో నోటీసు బోర్డుంది, దానికి అద్దం ఉంది, అద్దానికి తాళం ఉంది. లోపల కాగితం మీద పడమటెండ పడి అక్షరాలన్నీ ఆవిరైపోయాయి. అడుగున ఊదారంగు సీలు ఒక్కటే మిగిలింది. ఏం ప్రకటించారో తెలియదు కానీ ఎవరు ప్రకటించారో స్పష్టంగా ఉంది. ఒక మూల రెండు బల్లి గుడ్లున్నాయి. తాళంచెవి ఎవరిదగ్గరని అడిగితే, రిటైరైన ఒకాయన దగ్గర ఉండిపోయిందన్నారు. తెప్పిస్తారా అంటే ఏమన్నారో మీరే చెప్పగలరు. హేబ.

ఆధునికత లేదంటారేమో, అదీ ఉంది. సమావేశం ఫోనులో లైవ్ వస్తుంది. ఫోను గోడకి ఆనించిన తీరులో ఏదో చిన్న తేడా వల్ల 11 నిమిషాలూ సీలింగ్ ఫ్యాను కనిపించింది, ఫ్యానే వినిపించింది. ఇంటికొచ్చి మళ్లీ మొత్తం చూశాను. ఫ్యాను నిష్పక్షపాతంగా తిరిగింది.

సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. దాని 4వ సెక్షన్‌లో ఒక మంచి మాటుంది. మీ కౌన్సిళ్లు, కమిటీల సమావేశాలకి జనం రావచ్చా, వాటి మినిట్స్ జనం చూడవచ్చా, ఎవరూ అడగకముందే మీరే రాసి బయటపెట్టండి అని. చట్టం చేసినవాళ్లు ఎంత మర్యాదస్తులో చూడండి. తలుపు తెరవండి అనలేదు, తలుపు తెరిచి ఉందో మూసి ఉందో చెప్పండి చాలన్నారు. మా ఆఫీసు ఆ మాట తు.చ. తప్పకుండా పాటించింది. ఫైల్లో ఆ పేజీ ఉంది, ఆ ప్రశ్న ఉంది, ఎదురుగా గడి ఉంది. గడిలో ఒక ఏటవాలు గీత ఉంది. అవును అని టిక్కు పెట్టబోయి ఆగిపోయారో, కాదు అని ఇంటూ కొట్టబోయి సగంలో వదిలేశారో! వెలుతురులో పెట్టి చూశాను, భూతద్దం పెట్టి చూశాను. తేలలేదు.

ఇక్కడ గిడుగు రామమూర్తి పంతులు గారు గుర్తొస్తున్నారు. మా ప్రాంతం వాళ్లకి ఆయన్ని తలుచుకోవడం ఒక జబ్బు. పర్లాకిమిడి బళ్లో పాఠాలు చెబుతూ, జనం మాట్లాడే భాషే రాయాలని జీవితమంతా పోట్లాడారు. కొండల్లో సవరల భాష నేర్చుకుని వాళ్లకి పుస్తకాలు రాశారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలవగానే రాజమండ్రి వెళ్లిపోయారు. అది తొందరపాటని నా అభిప్రాయం. కాస్త ఆగి ఉంటే మా మినిట్స్ పుస్తకం చూసేవారు. ఒడియా వాళ్లకి ఒడియాలా అనిపించని, తెలుగువాళ్లకి తెలుగేమో అని అనుమానమొచ్చే, ఇంగ్లీషు వాళ్లు వింటే దణ్ణం పెట్టే ఒక నాలుగో భాష దొరికేది. అందులో "పరిశీలనాంతరం యథోచిత పదక్షేప" అని ఒకటుంది. బడబాబుని అర్థం అడిగాను. "దేఖిబా" అన్నాడు. అంటే చూద్దాం అని. అర్థం చెప్పాడో, తర్వాత చెబుతానన్నాడో ఇప్పటికీ తెలియదు.

రాజ్యాంగపరంగా మాకు లోటేమీ లేదు. 74వ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది, 12వ షెడ్యూల్లో పట్టణాలకి 18 పనులు రాసిపెట్టారు. అందులో బందెలదొడ్డి కూడా ఉంది. ఆ ధైర్యంతోనే కాబోలు ఒక ఆంబోతు ప్రతి సమావేశానికీ వచ్చి మెట్ల మీద అడ్డంగా పడుకుంటుంది. కొందరు సభ్యులకన్నా దాని హాజరే నయం. మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలని కూడా రాజ్యాంగంలో ఉంది. మాకంత జనాభా లేదు. ఈ విషయంలో తప్పు పూర్తిగా మాదే, కౌన్సిల్‌ని అనడానికి లేదు.

2022 మార్చిలో ఒడిశాలో మొట్టమొదటిసారి మున్సిపల్ చైర్‌పర్సన్‌లని జనమే నేరుగా ఎన్నుకున్నారు. అంతకుముందు ఆ పని కౌన్సిలర్లది. ఇప్పుడు ఆ కుర్చీకి కౌన్సిలర్లు అడిగితే "నన్ను గెలిపించింది జనం" అనొచ్చు, జనం అడిగితే "కౌన్సిల్‌లో పెడతాను" అనొచ్చు. సగం సీట్లు ఆడవాళ్లవి. వాళ్ల వెనక ఒక వరుస కుర్చీలున్నాయి, భర్తలవి. ఒక గౌరవ వేతనానికి ఇద్దరు పనిచేస్తున్నారంటే పొదుపే కదా.

ఇంతా పొగిడి ఒక సలహా ఇవ్వకపోతే మాస్టారి బుద్ధి నిలవదు. ఉగాది నాడు మా వీధి రామమందిరంలో పంతులుగారు మైకు పెట్టి 12 రాశులకీ ఆదాయ వ్యయాలు చదువుతారు. ఆదాయం 2, వ్యయం 14 అని వచ్చినవాడు కూడా లేచిపోడు, "మళ్లీ ఒకసారి" అంటాడు. ఎవరి లెక్క వాళ్లకి కంఠతా వచ్చేస్తుంది. మున్సిపల్ బడ్జెట్ కూడా అలాగే వార్డులవారీగా చదివిస్తే సరి. మా తొమ్మిదో వార్డుకి ఆదాయం 2, వ్యయం 14 అంటే, ఆ 14 ఎక్కడ ఖర్చయిందో వెతుక్కునే పని ఉంటుంది. రాజపూజ్యం ఎన్నికల ఏడాది 7, మిగతా ఏళ్లు 1. అవమానం మాకు ఎప్పుడూ నిలకడే. కందాయ ఫలాలు కూడా చెప్పొచ్చు. కందాయం అంటే పన్ను అనే అర్థం కూడా ఉంది కాబట్టి ఆ ఒక్కటీ ఎలాగూ తప్పదు. పంతులుగారితో మాట్లాడాను. ఒడియాలో చదవాలేమోనని ఆయనకి టెన్షన్.

ఈలోగా నేను కూడా సమాచార హక్కు కింద అర్జీ పెట్టాను. ఒడిశాలో దానికి ఫారం-ఎ అని ఒకటుంది, గుర్తింపు కాగితం జత చెయ్యాలి, ఫీజు 10 రూపాయలు. 23వ అంశం మీద ఏం నిర్ణయించారు, ఎవరు ఏమన్నారు, కల్వర్టు ఎప్పుడు కడతారు, ఈ మూడే అడిగాను. గడువు 30 రోజులు. సరిగ్గా 30వ రోజున జవాబొచ్చింది. సామర్థ్యం అంటే అదీ.

జవాబు రెండు పేజీలు. మొదటి పేజీలో నా మూడు ప్రశ్నలకీ కలిపి ఒకే వాక్యం: మినిట్స్ పుస్తకం ఆడిట్‌కి వెళ్లింది, రాగానే పనివేళల్లో వచ్చి చూసుకోవచ్చు. రెండో పేజీ నేను అడగనిది, పొరపాటున జతయినట్టుంది. ఆ రోజు టిఫిన్ పద్దు. ఎంత స్పష్టంగా ఉందో! పేరు, హోదా, పొట్లాల సంఖ్య, సంతకం. అడుగు నుంచి రెండో వరుసలో నేనున్నాను. హోదా దగ్గర "జనసాధారణ" అని ఉంది. పొట్లాలు 3. పక్కన నా సంతకం, నా దస్తూరీకన్నా చక్కగా.

ఆ రోజు నేను తిన్నది ఒక్కటే పొట్లం. గారె చల్లగానే ఉంది, ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. మిగతా రెండిటి సంగతి మా ఆవిడకి నేను జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. షుగరు మనిషినని ఇంట్లో రసగోలా ముట్టనివ్వరు, సభలకెళ్లి మూడేసి లాగిస్తున్నానని ఆవిడ అనుమానం. అందుకని ఆ రెండు పొట్లాల మీద మొదటి అప్పీలు వేశాను. వాయిదా రోజు బడబాబు నన్ను కూర్చోబెట్టి, టీ ఇప్పించి, పద్దు పుస్తకం తానే తెచ్చి చూపించాడు. ఇంత మర్యాద నాకు ఆ ఆఫీసులో ఎప్పుడూ జరగలేదు. లేచి వస్తూ గుమ్మం దగ్గర, మరి మా కల్వర్టు, అన్నాను.

"హేబ, ఆజ్ఞా" అన్నాడు.