అవ్వ చేసిన వ్యాపార ద్రోహం

కడప మార్కెట్ యార్డులో పసుపు రాశి ముందు నిలబడిన వ్యాపారి ఒక కొమ్ము తీసి పుటుక్కున విరుస్తాడు. లోపలి రంగు చూస్తాడు, ముక్కు దగ్గర పెట్టుకుంటాడు, క్వింటాలుకు ఇంత అంటాడు. కాస్త దూరంలోని మందుల దుకాణంలో అదే కొమ్ముకు రంగునిచ్చే కర్కుమిన్ అనే పదార్థం క్యాప్సూల్ వేషంలో అద్దాల బీరువాలో కూర్చుని ఉంటుంది. దాని లెక్క మిల్లీగ్రాముల్లో. క్వింటాలు మిల్లీగ్రాముగా మారే ఈ మహత్తునే పెద్దలు పరిశోధన ఫలాలను మార్కెట్‌కు చేర్చడం అంటారు.

ఇందులో మనం వెనకబడటానికి కారణం మా అవ్వ అని నేను తేల్చాను. మోకాలు చెక్కుకుపోయి ఏడుస్తూ వస్తే పసుపు అద్ది పంపేది. ఎందరికి అద్దిందో రాసిపెట్టలేదు. పసుపు పెట్టని మోకాళ్లను పక్కన పెట్టి పోల్చలేదు. పైగా ఎదురింటి కోడలికి అరుగు మీదే ఊరికే చెప్పేసింది. అలాంటి మనిషిని నమ్మి పెట్టుబడి ఎవరు పెడతారు?

అవ్వ మరిచిన పనిని 1995లో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రం పూర్తి చేసి, గాయాలకు పసుపు వాడటంపై అమెరికా పేటెంటు పుచ్చుకుంది. మన దేశపు శాస్త్ర పరిశోధన మండలి సీఎస్ఐఆర్ అభ్యంతరం చెప్పి, సంస్కృత గ్రంథం, 1953 నాటి వైద్య పత్రికలోని వ్యాసం చూపించి, 1997లో రద్దు చేయించింది. అప్పటి అమెరికా చట్టానికి పరాయి దేశపు వాడుక చాలదు, అచ్చులో ఉండాలి. మా మోకాళ్లు సాక్ష్యానికి పనికిరాలేదు.

న్యాయంగా చెప్పాలంటే, అద్దితే మానడం వేరు, మందు కావడం వేరు. ముందు కొద్దిమందికి ఇచ్చి ప్రమాదం లేదని చూడాలి, తర్వాత రోగులకు మోతాదు తేల్చాలి, ఆపైన వందలు, వేలమందిలో పోల్చాలి. మనుషులపై పరీక్ష దాకా వచ్చిన పదింటిలో సుమారు ఒకటే గట్టెక్కుతుంది. పేటెంటు ఆయుష్షు 20 ఏళ్లు మాత్రం అర్జీ పెట్టిన రోజు నుంచే కరుగుతూ ఉంటుంది. ఈ బాధంతా ఎందుకనుకున్నవారు సీసా మీద ‘ఆహార అనుబంధం’ అని అచ్చువేసి పక్క దారిన వచ్చేస్తారు. కర్కుమిన్ ఒంటికి సరిగా పట్టదు కాబట్టి అందులో మిరియాల సారం కలుపుతారు. అవ్వ చారులో ఆ రెండూ ఎప్పుడూ కలిసే మరిగేవి. అదీ రాసిపెట్టలేదు!

ఇలాంటి అవ్వలు అక్కడా ఉన్నారు. ఇన్సులిన్ పేటెంటును దాని సొంతదారులు 1923లో టొరంటో విశ్వవిద్యాలయానికి తలా ఒక డాలరుకు రాసిచ్చారు. బేరం తెలియని మనుషులు.

నా వంతు దిద్దుబాటుగా అటక మీది అవ్వ పసుపు డబ్బా దించాను. మూత మీద బ్యాచ్ నంబరు లేదు, గడువు తేదీ లేదు. లోపల వేలితో తీసిన గుంట ఒకటి ఉంది.