అతికింది ఒక్క ఎముకే, మిగిలినవాటి సంగతి?

యాభై అయిదేళ్ల ఆవిడ పెరట్లో కాలు జారి, చెయ్యి ఊతగా పెట్టి పడింది. మణికట్టు విరిగింది. ఎక్స్‌రే, పిండికట్టు, ఆరు వారాలు. చిత్తూరు వైపైతే నాటువైద్యుల పుత్తూరు కట్టు. ఎముక అతుక్కుంది, నెలకు సరిపడా కాల్షియం మాత్రలు రాశారు, అంతటితో సరి. నిలుచున్న ఎత్తు నుంచి పడితే విరగకూడని ఎముక ఎందుకు విరిగిందని మాత్రం డాక్టరూ అడగలేదు, ఇంట్లోవాళ్లూ అడగలేదు. బోలు ఎముకల వ్యాధి విషయంలో మనం చేస్తున్న అతి పెద్ద పొరపాటు ఇదే. విరిగినచోట ప్లేటు వేస్తాం, రాడ్డు వేస్తాం. గుల్లబారిన ఎముకకు వైద్యం చెయ్యం.

మణికట్టు తర్వాత వంతు చాలాసార్లు వెన్నుపూసది. అది విరిగినా మూడింట రెండొంతుల మందికి తెలియదు. నడుం నొప్పి అనుకుని బామ్ రాసుకుంటారు, గూని వస్తే వయసు మీద పడిందంటారు. వయసులో ఉన్నప్పటి ఎత్తు కంటే నాలుగు సెంటీమీటర్లు తగ్గినా, మడమలు గోడకు ఆనించి నిటారుగా నిలబడినప్పుడు తల వెనక భాగం గోడకు తగలకపోయినా వెన్ను ఎక్స్‌రే తీయించాలి. ఆ తర్వాతది తుంటి. తుంటి విరిగిన వృద్ధుల్లో సుమారు అయిదుగురిలో ఒకరు ఏడాది తిరక్కుండానే చనిపోతారు. చంపేది విరిగిన ఎముక కాదు, దాని వల్ల మంచానపడటం: న్యుమోనియా, పడక పుళ్లు, కాలిలో రక్తం గడ్డలు. అందుకే ఆపరేషన్ ఒకటి రెండు రోజుల్లోనే జరగాలి.

తెలుగు రాష్ట్రాలకు ఇందులో ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తమ్మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. అండాశయాలు కూడా తీసేస్తే ఎముకను కాపాడే ఈస్ట్రోజన్ హార్మోన్ ఒక్కసారిగా పడిపోతుంది, ఎముకను కరిగించే కణాలకు పగ్గాలుండవు. అండాశయాలు ఉంచినా కొందరిలో అవి ముందుగానే పని మానేస్తాయి. ముప్పై అయిదేళ్లకే ఆపరేషన్ అయిన మనిషికి ఎముకల పరీక్ష అరవై దాటాక చూద్దామనడం అర్థంలేని మాట. నలభై అయిదేళ్లలోపు రెండు అండాశయాలూ పోయినవారు, రొమ్ము క్యాన్సర్ లాంటి అడ్డంకి లేకపోతే, యాభై వచ్చేదాకా హార్మోన్ చికిత్స గురించి గైనకాలజిస్టును అడగాలి. మోకాళ్ల నొప్పులకు ఆర్‌ఎంపీ ఇచ్చే పొట్లంలో స్టెరాయిడ్ ఉండి, మూడు నెలలకు మించి వాడితే ఎముకకు అదీ అంతే చేటు.

క్యాంపుల్లో మడమను మిషన్‌లో పెట్టి ఇచ్చే చీటీ రోగనిర్ధారణ కాదు. తుంటికీ నడుముకూ ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ తీయాలి. ఆరోగ్యంగా ఉన్న వయసువాళ్ల ఎముకతో పోల్చి చెప్పే అంకె, అంటే టీ-స్కోరు, మైనస్ 2.5 గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే జబ్బు ఉన్నట్టు. అయితే తక్కువ దెబ్బకే తుంటి గానీ వెన్నుపూస గానీ విరిగిందంటే స్కోరు ఎలా ఉన్నా జబ్బు ఉన్నట్టే లెక్క. షుగర్ ఉన్నవారిలో స్కోరు బాగున్నా ఎముక విరుగుతుంది. నల్గొండ, ప్రకాశం జిల్లాల ఫ్లోరైడ్ ఊళ్లలో స్కాన్ మరీ మోసం చేస్తుంది. ఫ్లోరైడ్ సాంద్రతను పెంచుతుంది గానీ బలాన్ని కాదు. 1990లో వెలువడిన అమెరికా ట్రయల్‌లో సోడియం ఫ్లోరైడ్ వాడిన మహిళలకు నాలుగేళ్లలో వెన్ను సాంద్రత 35 శాతం పెరిగింది, వెన్ను విరగడం మాత్రం తగ్గలేదు. మిగతాచోట్ల ఎముకలు ఇంకా ఎక్కువ విరిగాయి.

స్కాన్‌తో పాటు కాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, క్రియాటినిన్, విటమిన్ డి, థైరాయిడ్ చూడాలి. ఫాస్ఫరస్ తగ్గి, ఫాస్ఫటేజ్ పెరిగితే అది విటమిన్ డి లోపంతో ఎముక మెత్తబడే జబ్బు కావచ్చు. ఆ లోపం సరిచేయకుండా, ఎముక కరగడాన్ని ఆపే జోలెడ్రోనిక్ ఇంజెక్షన్ ఇస్తే రక్తంలో కాల్షియం పడిపోయి చేతులు కొంకర్లు పోవచ్చు.

ఇక కాల్షియం లెక్క. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పిన ప్రకారం పెద్దలకు రోజుకు 1000 మిల్లీగ్రాములు, ముట్లుడిగాక 1200. పావు లీటరు పాలల్లో సుమారు 300, అరవై గ్రాముల రాగిపిండితో చేసిన సంకటిలో 200 పైచిలుకు, పెద్ద చెంచాడు పొట్టు తియ్యని నువ్వుల్లో వందకు పైన. పాలకూరలోది ఆక్సలేట్ వల్ల ఒంటికి పట్టదు. నీళ్ల మజ్జిగను పెరుగు లెక్కలో వేయొద్దు. తక్కువైనంత మేరకే మాత్ర. 1250 అని రాసి ఉన్న కాల్షియం కార్బొనేట్ మాత్రలో అసలు కాల్షియం 500. దాన్ని భోజనం తర్వాత వేసుకోవాలి. రోజూ గ్యాస్ మాత్ర వాడేవారికి కాల్షియం సిట్రేట్ మేలు. థైరాయిడ్ మాత్రకూ కాల్షియం మాత్రకూ నాలుగు గంటల ఎడం ఉండాలి.

విటమిన్ డి కోసం లేత ఎండలో కూర్చోమంటారు గానీ పనికొచ్చేది మన నీడ మన ఎత్తు కంటే పొట్టిగా ఉన్నప్పటి ఎండ. అరవై వేల యూనిట్ల సాచెట్ సాధారణంగా వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలు, ఆపై నెలకొకటి. పాత చీటీ పట్టుకుని ఏడాది పొడవునా వారం వారం వేసుకుంటే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీల మీదికొస్తుంది.

ఇవన్నీ పునాది మాత్రమే. ఎముక విరిగిన మనిషికి కాల్షియం వైద్యం కాదు. ఎముక కరగకుండా ఆపే మందులు కావాలి. అలెండ్రోనేట్ మాత్ర 70 మిల్లీగ్రాములు వారానికోసారి, పరగడుపున, గ్లాసుడు మంచినీళ్లతో వేసుకోవాలి. అరగంట పడుకోకూడదు, కాఫీ తాగకూడదు. పడుకుంటే అన్నవాహిక పుండు పడొచ్చు, కాఫీ తాగితే మందు ఒంటికి పట్టదు. జోలెడ్రోనిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాములు ఏడాదికోసారి. తుంటి విరిగిన మూడు నెలల్లోపు మొదలుపెట్టిన రోగుల మీద 2007లో వచ్చిన ట్రయల్‌లో కొత్త ఫ్రాక్చర్లు 35 శాతం, మరణాలు 28 శాతం తగ్గాయి. ఇంత తెలిశాక కూడా డిశ్చార్జి కాగితంలో దీని ఊసు లేకపోవడాన్ని ఏ కారణంతోనూ సమర్థించలేం. ఇంకో ఇంజెక్షన్ డెనోసుమాబ్ ఆరు నెలలకోసారి. దీన్ని మధ్యలో మానేస్తే వెన్నుపూసలు వరసగా విరగొచ్చు. ఆపాలంటే వేరే మందు అందుకున్నాకే ఆపాలి.

నడక మంచిదే, ఒక్క నడకే చాలదు. చేతులు ఊనకుండా కుర్చీలోంచి పదిసార్లు లేవడం, వంటగట్టు పట్టుకుని మడమలు ఎత్తడం కూడా కావాలి. వెన్ను గుల్లబారినవారికి పశ్చిమోత్తానాసనం, హలాసనం వద్దు. ముందుకు వంగితే వెన్నుపూస ముందు అంచు నలుగుతుంది. నిద్రమాత్ర, బీపీ మాత్ర వేసుకున్నవారు రాత్రి లేచినప్పుడు కాసేపు మంచం మీదే కూర్చుని అప్పుడు అడుగెయ్యాలి. బాత్రూంలో కమోడ్ పక్కన గోడలోకి బిగించిన స్టీలు కడ్డీ ఉండాలి. టవల్ ఆరేసే రాడ్ మనిషి బరువు ఆపదు.