పవర్ వీల్‌చైర్ బిల్లులో రేపటి చేతికి చోటు లేదు

పవర్ వీల్‌చైర్ అనగానే మోటార్లు, బ్యాటరీలు, చక్రాలు గుర్తొస్తాయి. అమెరికాలో వృద్ధులకు, వైకల్యం ఉన్నవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మెడికేర్‌తో అసలు పేచీ వచ్చేది వాటి దగ్గర కాదు, కుర్చీని నడిపించే భాగం దగ్గర. చేతులు బాగా పనిచేసేవాళ్లకు కుర్చీతో పాటు వచ్చే జాయ్‌స్టిక్ చాలు. దాని ధర కుర్చీ కోడ్‌లోనే (బిల్లులో ఒక్కో వస్తువుకి వేసే గుర్తు) కలిసిపోతుంది, విడిగా బిల్లు వేసే పని లేదు. మెడ కింద కదలిక లేనివాళ్లకు, వేళ్లలో బలం తగ్గిపోతున్నవాళ్లకు మాత్రం వేరే సాధనం కావాలి. తల వెనక సెన్సర్ ప్యాడ్లో, గడ్డంతో తిప్పే జాయ్‌స్టిక్కో, ఊపిరితో నడిచే గొట్టమో. ఇవన్నీ బిల్లింగ్‌లో యాక్సెసరీల కింద లెక్క. ప్రతిదానికీ ఓ కోడ్ ఉంటుంది, ప్రతి కోడ్‌కూ విడిగా రుజువు చూపించాలి.

ఊపిరితో నడిచే సిప్ అండ్ పఫ్ సంగతి చూద్దాం. నోటి దగ్గర సన్నటి గొట్టం ఉంటుంది. మామూలు అమరికలో గట్టిగా ఊదితే కుర్చీ ముందుకు పోతుంది, గట్టిగా పీలిస్తే వెనక్కి వస్తుంది. మెల్లగా ఊదితే కుడికి, మెల్లగా పీలిస్తే ఎడమకి తిరుగుతుంది. దీని కోడ్ ఈ2325 (E2325). ఎలక్ట్రానిక్స్, కుర్చీని ఆపే స్విచ్, గొట్టాన్ని పక్కకు తిప్పే బ్రాకెట్ అన్నీ ఆ కోడ్ వివరణలోనే ఉన్నాయి. కాబట్టి బ్రాకెట్‌కి ఈ1028 కింద మరో బిల్లు పెడితే డబ్బు రాదు. గొట్టం కిట్‌కి మాత్రం వేరే కోడ్ ఉంది, ఈ2326. ఏది కలిసి వస్తుందో, ఏది విడిగా వస్తుందో తర్కంతో ఊహించబోతే దెబ్బతింటారు. వివరణ చదవాల్సిందే, మరో దారి లేదు.

ఈ సాధనాలన్నీ పనిచేయాలంటే కుర్చీలో ఎక్స్‌పాండబుల్ కంట్రోలర్ ఉండాలి, అంటే ఆదేశాలను మోటార్లకు పంపే, అదనపు సాధనాలు తగిలించగల పెద్ద ఎలక్ట్రానిక్ పెట్టె. కుర్చీతో పాటు మామూలుగా వచ్చేది నాన్-ఎక్స్‌పాండబుల్ రకం, దానికి తల ప్యాడ్లు గానీ ఊపిరి గొట్టం గానీ తగిలించలేం. కొత్త కుర్చీ ఇచ్చేటప్పుడే పెద్ద కంట్రోలర్ పెడితే ఈ2377, పాతది చెడిపోయి మారిస్తే ఈ2376. పెట్టె ఒకటే అయినా బిల్లు పెట్టే సందర్భాన్ని బట్టి కోడ్ మారిపోతుంది.

నా అభ్యంతరం ఇక్కడే. ఈ వ్యవస్థ ఈరోజు చెయ్యి ఎలా ఉందో చూసి డబ్బు ఇస్తుంది. రేపు ఆ చెయ్యి ఏమవుతుందో డాక్టరుకు ముందే తెలిసినా ఆ లెక్క అడగదు. కండరాలను నడిపే నరాలు క్రమంగా దెబ్బతినే ఏఎల్‌ఎస్ జబ్బు వచ్చిన మనిషికి ఈ నెల జాయ్‌స్టిక్ తిప్పే బలం ఉండొచ్చు, కొన్ని నెలల తర్వాత ఉండకపోవచ్చు. చాలామంది ఈ జబ్బు బయటపడ్డాక రెండు నుంచి ఐదేళ్లే బతుకుతారు. మెడికేర్ మాత్రం కుర్చీ ఐదేళ్లు పనిచేయాలని లెక్క కడుతుంది. ఆ జబ్బు తీవ్రత ప్రభుత్వానికి తెలియనిదేం కాదు. వైకల్యం ఉన్నవాళ్లు మెడికేర్ కోసం 24 నెలలు ఎదురుచూడాలన్న నిబంధనను ఏఎల్‌ఎస్ రోగులకు 2001 జూలై నుంచే ఎత్తేశారు. కార్డు ఇవ్వడంలో చూపిన తొందర కంట్రోలర్ దగ్గరికి వచ్చేసరికి కనిపించదు.

పరిస్థితి మారితే కొత్త సాధనం అడగొచ్చు, నిబంధన దాన్ని కాదనదు. కానీ అప్పుడు మళ్లీ థెరపిస్ట్ అపాయింట్‌మెంట్, మళ్లీ పరీక్ష, మళ్లీ ఆర్డర్, మళ్లీ క్లెయిమ్. ఆ కాగితాలు తిరుగుతున్నంత కాలం మోటార్లు, బ్యాటరీలు బాగానే ఉన్న కుర్చీ కదలకుండా పడి ఉంటుంది, నడిపే చెయ్యి లేక. అనుభవమున్న థెరపిస్టులకు ఇది తెలుసు. సీటు వాల్చడానికి, వెనక్కి వంచడానికి, కాళ్లు ఎత్తడానికి మూడు మోటార్లు అవసరమైన రోగి ఉంటే, వాటిని జాయ్‌స్టిక్‌తోనే నడపడానికి పెద్ద కంట్రోలర్ కావాలని రాస్తారు. అది నిజమే, తప్పేమీ లేదు. అయినా చేతి కోసం రావాల్సింది సీటు పేరు మీద రావడం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు.

ఇక కాగితం. సాంకేతికంగా క్లిష్టమైన కుర్చీలకు డబ్బు అడగాలంటే డాక్టరు ముఖాముఖి పరీక్ష చేసిన ఆరు నెలల్లోపు ఆర్డర్ రాయాలి. సప్లయర్‌తో డబ్బు సంబంధం లేని థెరపిస్టో డాక్టరో ప్రత్యేకంగా పరీక్షించాలి. సప్లయర్ దగ్గర రెస్నా (సహాయక పరికరాల నిపుణుల సంస్థ) సర్టిఫికెట్ ఉన్న నిపుణుడు స్వయంగా రోగిని చూడాలి. ఇన్ని చేశాక కూడా క్లెయిమ్ నిలిచేదీ పడిపోయేదీ చార్ట్ నోట్‌లోని ఒకట్రెండు వాక్యాల మీద. 'రోగికి హెడ్ కంట్రోల్ అవసరం' అని రాసి ఊరుకుంటే అది అభిప్రాయం కిందే పోతుంది. 'చెయ్యి పైకెత్తలేరు, జాయ్‌స్టిక్‌ని ముందుకు నెట్టి పట్టుకోలేరు, మినీ జాయ్‌స్టిక్ ఇచ్చి చూస్తే వేలు జారిపోయింది, తల మాత్రం రెండు వైపులా అదుపులో తిప్పగలరు' అని రాస్తే అది రుజువు. జబ్బు రెండు చోట్లా ఒకటే. డబ్బు రావడం మాత్రం రాసినవాళ్ల ఓపికను బట్టి ఉంటుంది.

ఆ రుజువులన్నీ తన దగ్గర ఉన్నాయని సప్లయర్ చెప్పే గుర్తు కేఎక్స్ మోడిఫయర్, అంటే కోడ్ పక్కన చేర్చే రెండక్షరాలు. రాదేమోనన్న అనుమానం ఉంటే ముందే రోగితో ఏబీఎన్ అనే కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు. మెడికేర్ ఇవ్వకపోతే నేను కడతానని దాని అర్థం. క్లెయిమ్ ఒప్పుకున్నా మెడికేర్‌లో ఇలాంటి పరికరాలకు డబ్బిచ్చే భాగం పార్ట్ బి ఇచ్చేది ఆమోదించిన ధరలో 80 శాతమే, అదీ ఏటా రోగి ముందుగా కట్టుకోవాల్సిన డిడక్టిబుల్ (2025లో 257 డాలర్లు) పోయాక. సంతకం పెట్టేముందు ఏ కోడ్ మీద అనుమానమో, ఎందుకో అడగండి. చాలామంది టెన్షన్‌లో చదవకుండానే పెట్టేస్తారు.

మెడికేర్ చట్టం ప్రకారం పరికరం అవసరం ఇంట్లో ఉండాలి. కుర్చీలను సామర్థ్యాన్ని బట్టి గ్రూపులుగా విడదీశారు. గ్రూప్ 4 కుర్చీల అదనపు శక్తి ఇంట్లో వాడకానికి అక్కర్లేదని వాటిని పక్కన పెట్టేశారు. కుర్చీ కంట్రోల్‌తో ఇంట్లో లైట్లు వేసుకునే ఎలక్ట్రానిక్స్‌కి కూడా డబ్బు రాదు. అది ప్రధానంగా వైద్య అవసరం కాదట. మాట్లాడలేనివాళ్ల తరఫున మాట్లాడే పరికరాన్ని అదే కంట్రోల్‌తో నడిపే ఈ2351కి మాత్రం, ఆ పరికరానికి కవరేజ్ ఉంటే, వస్తుంది. అటెండెంట్ కంట్రోల్ సంగతి ఇంకా చిత్రం. వెనక నిలబడి ఇంట్లోవాళ్లు నడిపే ఈ జాయ్‌స్టిక్‌కి, రోగి అసలు నడపలేనప్పుడు, రోగి కంట్రోల్‌కి బదులుగా అయితేనే ఇస్తారు. పొద్దున తను నడుపుకుని, సాయంత్రం అలసిపోయి భార్యకు అప్పగించే మనిషి ఈ లెక్కలో ఇమడడు.

వైద్య అవసరం కాదన్నంత మాత్రాన అది మారని గీత కాదు. సీటును మోటారుతో పైకి లేపే సదుపాయాన్ని చాలా ఏళ్లు ఇదే మాట చెప్పి తోసిపుచ్చారు. 2023 మే 16న మెడికేర్‌ను నడిపే సంస్థ సీఎంఎస్ ఆ మాట వెనక్కి తీసుకుంది, మంచం మీదికీ కుర్చీలోకీ మారడానికి, ఎత్తులో ఉన్నవి అందుకోవడానికి అది వైద్యపరంగా పనికొస్తుందని ఒప్పుకుంది. ఇంటి గడప విషయంలోనూ అంతే. తక్కువ ఆదాయం ఉన్నవాళ్ల ప్రభుత్వ బీమా మెడికెయిడ్ 2016లోనే తన నిబంధన మార్చి, మామూలు జీవితం గడిచే ఏ చోటైనా వాడే పరికరం ఇవ్వాలంది. ఒకే దేశంలో, ఒకే జబ్బుకి, కార్డు మారితే గడప మారుతోంది. ధరల్లోనూ ఇలాంటి తిరకాసే ఉంది. గ్రూప్ 3 కుర్చీల యాక్సెసరీలను వేలంపాట ధరల కోత నుంచి తప్పించడానికి కేయూ మోడిఫయర్ వాడుతున్నారు. బిల్లులో ఆ రెండక్షరాలు మరిచిపోతే అదే వస్తువుకి తక్కువ ధర కట్టి పంపిస్తారు.

కాబట్టి సీఎంఎస్ చేయాల్సింది పెద్ద సంస్కరణేం కాదు. పెరిగే జబ్బు అని నిర్ధారణ అయిన రోగులకు మొదటి కుర్చీతోనే ఈ2377 ఇవ్వాలి, చేతి బలంతో ముడిపెట్టకుండా. మొదటి పరీక్షలోనే థెరపిస్ట్ జాయ్‌స్టిక్ తర్వాత ఏది, ఆ తర్వాత ఏది అని వరుస రాసి పెడితే, ఆ కాగితాన్నే తర్వాతి క్లెయిముకు ఆధారంగా ఒప్పుకోవాలి. అది వచ్చేవరకు రోగి కుటుంబం చేయగలిగింది ఒకటుంది. కుర్చీ ఆర్డర్ వెళ్లేముందే అందులో కంట్రోలర్ కోడ్ ఏముందో సప్లయర్‌ని అడగడం. క్లెయిమ్ తిరస్కరిస్తే మొదటి అప్పీలుకు 120 రోజుల గడువు ఉంటుంది. ఆ అప్పీలుతో పాటు చేతి బలం గురించి కొత్తగా రాయించిన నోట్ కూడా పంపాలి. పాత నోట్‌నే మళ్లీ పంపితే పాత జవాబే వస్తుంది.