ఢిల్లీకి ఇంకా పటేండ్లే దిక్కు

మా బావ పోయిన ఆదివారం పొద్దుగాల ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌ల ఒక మెసేజ్ పెట్టిండు. హైదరాబాద్‌ను కూడా ఢిల్లీ లెక్క కేంద్రం చేతుల పెడితే పదేండ్లల్ల సింగపూర్ అయితదంట. కింద రెండు జెండాలు, మూడు దండాలు. మా చిన్నమ్మ చదవకుండనే గులాబి పువ్వు పెట్టింది. అప్పటిసంది నాకు అన్నం సయిస్తలేదు.

బావకు దేవరకొండల ఎరువుల దుకాణం ఉన్నది. ఢిల్లీకి ఒక్కటంటే ఒక్కసారి పోయిండు, ఇండియా గేట్ కాడ ఫోటో దిగిండు, అక్కడి రోడ్లు చూసి నోరు తెరిచిండు, మాపటికి ఆగ్రా బస్సెక్కిండు. బావా, నువ్వు చూసింది మంత్రులు ఉండే ముక్క. 1,483 చదరపు కిలోమీటర్ల ఢిల్లీల అది 43 చదరపు కిలోమీటర్లు. దానికి వేరే కౌన్సిల్, ఆ కౌన్సిల్‌కు కార్పొరేటర్ ఎలక్షన్లే లేవు, చైర్మన్‌ను కేంద్రమే పంపుతది. పెండ్లింట్ల స్టేజీ చూసి ఇల్లంత గట్లనే ఉంటది అనుకుంటే ఎట్ల?

సరే, ఊకె కాదంటే బాగుండదు, పెద్దమనిషి చెప్పిండు కాబట్టి ఆలోచిద్దాం. అసలు ఢిల్లీ పద్ధతి మనకు కొత్తది కానే కాదు. నిజాం కాలంల మన ఊర్లల్ల పోలీస్ పటేల్ ఉండె, మాలీ పటేల్ ఉండె, పట్వారీ ఉండె, అందరి మీద గడిల దొర ఉండె. ఎన్టీఆర్ వచ్చి పటేల్ పట్వారీలను తీసేసిండు, మన ముసలోళ్లు ఇప్పటికీ చెప్పుకుంటరు. మనం పీకేసిన చెట్టును ఢిల్లీల నాటుకొని నీళ్లు పోస్తున్నరు. అక్కడ పోలీసులు కేంద్ర హోం శాఖ కింద, అంటే పోలీస్ పటేల్. భూమి మొత్తం కేంద్రం కింద, 1957 సంది డీడీఏ (ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ) అని ఒకటి చూసుకుంటది, అంటే మాలీ పటేల్. దొర అంటే కేంద్రం పంపిన లెఫ్టినెంట్ గవర్నర్, ఆయన ఉండే బంగ్లా పేరు రాజ్ నివాస్, ఇగ దీనికి నేను ఉపమానం చెప్పే అవసరమే లేదు. అయితే 1991ల రాజ్యాంగం సవరించి జనానికి 70 మంది ఎమ్మెల్యేలను, ఒక ముఖ్యమంత్రిని కూడా ఇచ్చిన్రు. ఇల్లరికం అల్లుడు ఉంటడు చూడుండ్రి, పెండ్లి కార్డుల పేరు మొదలు ఆయనదే ఉంటది, బీరువ తాళాలు మాత్రం అత్త కొంగుకు ఉంటయ్.

ఇప్పుడు మా ఊరికి ఢిల్లీ రూలు వచ్చింది అనుకోండ్రి. వాన కొట్టింది, మోరీ నిండింది, చాయ్ హోటల్‌ల మోకాళ్ల దాక నీళ్లు. హోటల్ కాక సర్పంచ్ దగ్గరికి ఉరికిండు. సర్పంచ్ అంటడు, "కాకా ఆగు, ముందు రోడ్డు ఎంత వెడల్పు ఉన్నదో కొలువు, 60 ఫీట్లు దాటితే నాది, తక్కువ ఉంటే వార్డు మెంబర్లది, గా తుమ్మచెట్టు అవతల అయితే మిలిటరోళ్లది, హైవేకు తాకితే హైవే వాళ్లది, మోరీ కింద జాగ మాత్రం మాలీ పటేల్‌ది." కాక నీళ్లల్ల నిలబడి టేపు పట్టిండు. ఒక దిక్కు 61 వచ్చింది, ఇంకో దిక్కు 58 వచ్చింది, హోటల్ సరిగ్గ నడుమల ఉన్నది. సర్లే పాపం అని సర్పంచ్ కారోబార్‌ను పిలిచి మోరీ తీపియ్యమన్నడు. కారోబార్ తల గోక్కుంట, "నువ్వు చెప్తే చెయ్యాల్నా వద్దా అనేది గడికి పోయి అడిగొస్త సర్పంచ్ సాబ్" అన్నడు. సర్పంచ్‌కు మండింది, నిన్ను ట్రాన్స్‌ఫర్ చేస్తా అన్నడు. చెయ్యొచ్చు, కానీ దానికి ముగ్గురి కమిటీ ఉన్నది. చైర్మన్ సర్పంచే. మిగిలిన ఇద్దరు ఎవరంటే ఒకడు ఆ కారోబారే, ఇంకొకడు ఆయన దోస్తు, అదే ఆఫీసుల ఇంకో నౌకరు. చేతులెత్తుండ్రి అన్నరు. ఇటు ఒకటి, అటు రెండు. సర్పంచ్ తన నౌకర్ల చేతుల్నే ఓడిపోయి టవల్ దులుపుకొని ఇంటికి పోయిండు. గెలిచినా పీకేది ఏం లేదు, ఫైలు గడికి పోవాలె, ఆఖరు మాట దొరది.

ఇది నేను చాయ్ తాక్కుంట అల్లిన కథ అనుకుంటున్నరు కావచ్చు. మోరీ ఒక్కటే నాది, రోడ్ల పంపకం ఢిల్లీల నిజంగనే ఉన్నది, కమిటీ ముచ్చటంత 2023 ఆగస్టుల పార్లమెంట్ చేసిన చట్టం. ఢిల్లీల ఆఫీసర్ల పోస్టింగులకు, ట్రాన్స్‌ఫర్లకు ముగ్గురి అథారిటీ పెట్టిన్రు, ముఖ్యమంత్రి చైర్మన్, మిగిలిన ఇద్దరు చీఫ్ సెక్రటరీ, హోం ప్రిన్సిపల్ సెక్రటరీ. మెజారిటీ ఎటుంటే అటు. అయినా తేడా వస్తే లెఫ్టినెంట్ గవర్నర్ చెప్పిందే ఫైనల్. అంతకుముందు మే 11 నాడు సుప్రీంకోర్టుల అయిదుగురు జడ్జీలు కూర్చొని ఒక్కమాటగ, ఆఫీసర్ల మీద పెత్తనం గెలిచిన ప్రభుత్వానిదే అని తీర్పిచ్చిన్రు. మే 19 నాడు ఆర్డినెన్స్ వచ్చి పడ్డది. మన దగ్గర బతుకమ్మ తొమ్మిది రోజులు ఆడుతరు. ఆ తీర్పు బతుకమ్మంత కూడా బతకలే.

2021ల ఇంకో ముచ్చట అయింది. ఢిల్లీ అసెంబ్లీ చేసే చట్టంల 'ప్రభుత్వం' అని ఎక్కడున్నా దానర్థం లెఫ్టినెంట్ గవర్నర్ అని పార్లమెంట్‌ల రాసుకున్నరు. డిక్షనరీ మార్చి పరిపాలన చేసుడు అంటే మాటలా.

బావ ఊరుకుంటడా, "బామ్మర్ది, గిప్పుడు అక్కడ ట్రిపుల్ ఇంజన్, లొల్లే లేదు" అని రాసిండు. నిజమే, 2025 ఫిబ్రవరిల ఆప్ పోయి కేంద్రంల ఉన్న బీజేపీయే అక్కడ కూడా వచ్చింది, లొల్లి ఆగింది. ఒక్కలే అన్నదమ్ములు అయితే బీరువ తాళం ఎవరి దగ్గర ఉంటే ఏంది, అంతే కదా. చట్టం మాత్రం గట్లనే ఉన్నది, రేపు మళ్ల అల్లుడు మారితే తెలుస్తది.

2023 జులైల యమున 208.66 మీటర్లకు ఎక్కి ఎర్రకోట ఎనకకు నీళ్లొచ్చినప్పుడు ఐటీఓ బ్యారేజీకి ఉన్న 32 గేట్లల్ల అయిదు తెరుచుకోలే, జామ్ అయినయ్. ఆ బ్యారేజీ అప్పుడు ఎవరి చేతుల ఉండె అంటే హర్యానా చేతుల. దేశ రాజధాని నడిబొడ్డున గేటు తియ్యడానికి ఆర్మీని, నేవీని పిలిచిన్రు. మాకు గేట్ల లొల్లి తెల్వదా అంటే బాగనే తెలుసు, అదే ఏడు ఓట్ల ముందటి రాత్రి మన సాగర్‌ల 26 గేట్లకు 13 కాడ ముళ్లకంచె పడ్డది. కానీ అది రెండు రాష్ట్రాల పంచాయితీ. ఢిల్లీల ఏ పంచాయితీ లేకుండనే గేటు తెరుచుకోలే.

బావా, ఇప్పుడు నవ్వుడు బంద్ చేసి ఒక మాట అడుగుత.

2024 జులై 27. ఢిల్లీల ఓల్డ్ రాజేందర్ నగర్. కోచింగ్ సెంటర్ బేస్‌మెంట్‌ల లైబ్రరీ, ఆ బేస్‌మెంట్‌కు పర్మిషన్ ఉన్నది బండ్లు పెట్టుకోనీకి, సామాను పెట్టుకోనీకి. వాన నీళ్లు వచ్చినయ్, ముగ్గురు పిల్లలు చదువుకుంట చదువుకుంట మునిగి చచ్చిపోయిన్రు. కలెక్టర్లు అయితం అని పోయిన పిల్లలు. ఆప్ వాళ్లు ఆఫీసర్లు మా మాట వినరు అన్నరు, బీజేపీ వాళ్లు కార్పొరేషన్ మీ చేతులనే ఉన్నది కదా అన్నరు, పోలీసులు ఆ నీళ్లల్ల నుంచి కారు తోలుకుంట పోయిన ఒకాయనను అరెస్ట్ చేసిన్రు. కారు తోలినాయనను! వాన నీళ్లకు చలాన్ రాయలే నయం అన్నట్టు హైకోర్టే ఎద్దేవ చేసింది. చిన్న ఇంజనీర్లను ఇద్దరిని తీసి పక్కకు పెట్టిన్రు. మోరీ నాది, తప్పు నాది అన్నోడు ఒక్కడు లేడు, ఎందుకంటే అక్కడ ఏదీ ఎవ్వనిది కాదు, గట్లనే కట్టిన్రు దాన్ని, పైసలు, పోలీసు, భూమి, మోరీ అన్నీ ముక్కలు ముక్కలు చేసి ఎవని చేతికి మట్టి అంటకుండ కట్టిన్రు. సిగ్గులేని కొడుకులు.

ఆ రాత్రి నీ కొడుకు కూడా అదే గల్లీల పక్క హాస్టల్‌ల ఉన్నడు. ఫోన్ ఎత్తకపోతే పన్నెండింటికి నాకు చేసి ఏడ్చినవ్, అక్క దేవుని అర్ర ముంగట కూసొని లేవలే. పొద్దుగాల వాడు చార్జింగ్ లేక అని చెప్పేదాక నువ్వు దుకాణం తెరవలే. అప్పుడు నువ్వు ఎవరిని తిట్టాల్నో నాకు చెప్పమన్నవ్, నేను గంట సేపు గూగుల్ల వెతికిన, చెప్పలేకపోయిన.

బావ మెసేజ్ చూసిండు, రెండు నీలి టిక్కులు పడ్డయ్. జవాబు రాలే. సింగపూర్ మెసేజ్ ఇంకా అట్లనే ఉన్నది, దాని కింద చిన్నమ్మ ఇంకో గులాబి పువ్వు పెట్టింది.