ఆదివారం వేళలు: కౌన్సిళ్లకు ఇస్తామన్నది అధికారమేనా?

ఇంగ్లండ్, వేల్స్‌లలో ఆదివారం దుకాణాల వేళలను స్థానిక కౌన్సిళ్లకే వదిలేయాలన్న వాదన సద్దుమణిగినట్టే ఉండి మళ్లీ తలెత్తుతుంటుంది. అక్కడి 1994 చట్టం ప్రకారం 280 చదరపు మీటర్లు దాటిన షాపు ఆదివారం ఉదయం 10కీ సాయంత్రం 6కీ మధ్య ఆరు గంటలే తెరవాలి. ‘మా ఊరి వేళలు మేమే చూసుకుంటాం’ అంటే వద్దనేవారెవరు? నేను వద్దంటాను.

1986లో ప్రధాని మార్గరెట్ థాచర్ అంతటి నాయకురాలికే ఆదివారం ఆంక్షలు ఎత్తేసే బిల్లు మీద కామన్స్ సభలో (బ్రిటన్ పార్లమెంటు దిగువ సభ) ఓటమి తప్పలేదు. 2015లో బ్రిటన్ ఆర్థికమంత్రి జార్జ్ ఆస్బోర్న్ అందుకే దొడ్డిదారి పట్టారు: సడలింపు భారాన్ని కౌన్సిళ్ల మీదికి నెట్టాలని చూశారు. పక్క ఊరి మాల్ రాత్రి దాకా తెరిచి ఉంటే బేరాలన్నీ అటే పోతాయి. నిధుల కోతతో సతమతమవుతున్న కౌన్సిల్ ఎన్నాళ్లు ఆగుతుంది? ఒకరు తెరిస్తే అందరూ తెరవాల్సిందే.

అసలు గుట్టు స్కాట్లండ్ దగ్గర బయటపడింది. అక్కడ ఈ ఆంక్షలే లేవు. అయినా స్కాటిష్ నేషనల్ పార్టీ (ఎస్ఎన్‌పీ) సభ్యులు ఆస్బోర్న్ ప్రతిపాదనకు వ్యతిరేకంగా ఓటేశారు. పెద్ద గొలుసు దుకాణాలు ఆదివారం పనికి కట్టే అదనపు వేతనం దేశమంతటికీ కలిపి కుదిరేది. ఇంగ్లండ్‌లో ఆదివారం మామూలు రోజైపోతే ఆ అదనం స్కాట్లండ్‌లోనూ ఎగిరిపోతుందని వారి భయం. ఇంగ్లండ్‌లోని లీడ్స్ కౌన్సిల్ తీర్మానం చేస్తే స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో బిల్లింగ్ కౌంటర్ దగ్గర నిలబడ్డ మనిషి జీతం తగ్గుతుందన్నమాట. ఇందులో స్థానికం ఏముంది? 2016 మార్చి 9న ప్రభుత్వం 317-286తో ఓడింది.

ఆన్‌లైన్ అమ్మకాలకు ఆదివారం లేదు కదా, 2012 ఒలింపిక్స్‌కు సడలిస్తే కొంపేం మునగలేదు కదా అంటారు. సర్వేలూ చూపిస్తారు, అటువాళ్ల సర్వే అటు, ఇటువాళ్లది ఇటు. ఆదివారం పని వద్దనే హక్కు ఉద్యోగికి చట్టంలో ఉందన్నది మరో మాట. రోస్టర్‌లో పేరు పడ్డాక మేనేజరుకు కాదని చెప్పగలరేమో, అక్కడ వారాంతపు షిఫ్టులు చేసే మన విద్యార్థులను అడగండి.

మన దగ్గర స్థానిక అధికారమన్న ఆ ముసుగైనా లేదు. మున్సిపాలిటీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 74వ సవరణ వచ్చి మూడు దశాబ్దాలు దాటినా షాపు వేళలు రాష్ట్ర కార్మిక శాఖ చేతిలోనే ఉన్నాయి. తెలంగాణలో 24 గంటలూ దుకాణాలు తెరుచుకోవచ్చన్న 2023 ఏప్రిల్ జీవో కూడా సచివాలయం నుంచే వచ్చింది. ఆ రాత్రుళ్లు పోగుపడే చెత్త, వెలగాల్సిన వీధిదీపాలు మాత్రం మున్సిపాలిటీ ఖాతాలోకే.